రాజ్యలక్ష్మమ్మగారు మోసిన నీళ్ళు

సంక్రాంతికి రాజమండ్రి వెళ్ళినప్పుడు పిల్లలు సినిమాకి బయల్దేరారు. నేను అత్తయ్యగారిని తీసుకుని ఆటో ఎక్కాను. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు, తోట చూడాలని ఎప్పటినుంచో కోరిక. బి.ఎ.లో ‘రాజశేఖర చరిత్రం’ మీద పేజీలకు పేజీలు రాశాను గానీ, ఆ ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో పుట్టారు. ఆయన ఇల్లు ఇప్పుడు పురావస్తు శాఖ వారి సంరక్షణలో ఉంది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది. కానీ చట్టం కాగితం మీద ఉంటే సరిపోదు కదా, పీటలు వేసే ఇల్లు ఒకటి కావాలి. 1881 డిసెంబరు 11న పంతులుగారు తన ఇంట్లో పీటలు వేయించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ అనే బాలవితంతువు.

పరీక్షల్లో ఇంతవరకు రాస్తే మార్కులు వచ్చేసేవి. ఇరవై ఏళ్ళు వంటిల్లు నడిపాక నాకు వేరే ప్రశ్న వచ్చింది. ఆ పెళ్ళికి వంట ఎవరు చేశారు?

ఊరు ఆ ఇంటిని వెలివేసింది. వంటవాళ్ళు రాలేదు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి, వంట చేసి వడ్డించారు. ఆవిడ పుట్టింటి పేరు బాపమ్మ. 1861లో పెళ్ళయ్యేనాటికి పంతులుగారికి పదమూడేళ్ళు, ఆవిడ ఇంకా చిన్నపిల్ల. వాళ్ళకు సంతానం లేదు. పెళ్ళికోసం ఆ ఇంటికి చేరిన ఆడపిల్లలందరికీ తల్లి ఆవిడే. ఉపన్యాసం ఇచ్చి వచ్చిన మనిషికి చప్పట్లయినా దక్కుతాయి. నూతి దగ్గర, రేవులో, వీధిలో సూటిపోటి మాటలు పడేది ఇంటి ఆడమనిషే.

అత్తయ్యగారికి ఇదంతా చెబుతుంటే మధ్యలో ఆపి, “ఇక్కణ్ణుంచి రేవు ఎంత దూరం అమ్మాయ్?” అని అడిగారు. చిన్నప్పుడు ఆవిడా కాలవ నుంచి నీళ్ళు మోసిన మనిషే. నాకు తట్టని లెక్క ఆవిడకి తట్టింది.

అక్కణ్ణుంచి ఆనంద గార్డెన్స్‌కి వెళ్ళాం. పేరుకు తోటే గానీ పూలమొక్కలు చూసి ఫోటోలు దిగి వచ్చేసే చోటు కాదు. భార్యాభర్తలిద్దరి సమాధులూ అందులో ఉన్నాయి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో పోయారు. పంతులుగారు 1919లో మద్రాసులో కన్నుమూశారు. ఉన్న ఆస్తిని అంతకుముందే తాము స్థాపించిన హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు.

ఆవిడ సమాధి దగ్గర అత్తయ్యగారు చాలాసేపు నిలబడ్డారు. మామయ్యగారు పోయి మూడేళ్ళయింది. అప్పటినుంచి మా ఇంట్లో పేరంటం అంటే ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంటారు. ఎవరూ వెళ్ళమనలేదు. నేనూ ఉండమనలేదు. మొన్న శ్రావణంలో కూడా, పూర్ణాలు ఆవిడ చేత్తోనే వేయించుకుని, వాయనాలు ఇచ్చే వేళకి ఆవిడ ఎక్కడున్నారో చూడలేదు. తెలుగు చదివాను, పంతులుగారి గురించి వ్యాసాలు రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను.

ఆటోలో తిరిగొస్తూ, “ఈసారి వరలక్ష్మీ వ్రతానికి మొదటి వాయనం మీకే ఇస్తానండీ అత్తయ్యగారూ” అన్నాను.

“నలుగురూ ఏమనుకుంటారో” అన్నారు.

“అనుకోనివ్వండి.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడ్డాక, “శనగలు మాత్రం ముందురోజే నానబెట్టు. పోయినసారి సరిగ్గా నానలేదు” అన్నారు.

ఆవిడ ఒప్పుకున్నట్టే అనుకుంటున్నాను.