సింహాన్ని బోనులో పెట్టే వైద్యం

నేలపట్టులో గూడబాతుల్ని చూద్దామని బైనాక్యులర్ పట్టుకున్న కొత్తవాళ్లకు మొదట రెండు గుండ్రాలు కనిపిస్తాయి. గొట్టాలను కళ్ల ఎడానికి సరిపోయేలా జరిపితే రెండూ కలిసి ఒకటవుతాయి. చెట్టు మీది పక్షి ముందుకొచ్చి నిలబడ్డట్టుంటుంది. దొరవారిసత్రం మండలంలోని ఈ చెరువు దగ్గర, ఎంత జరిపినా ఆ కలయిక తెలియనివాళ్లూ ఉంటారు. చిన్నప్పటి నుంచీ మెల్లకన్ను ఉన్నవాళ్లలో చాలామందికి రెండు బొమ్మలు ఒకేసారి కనిపించవు. మెదడు ఒక కంటి బొమ్మను పక్కన పెట్టేస్తుంది.

కాకికి కనుగుడ్డు ఒకటే, దాన్నే అటూ ఇటూ తిప్పుకుంటుందని మన కాకాక్షి న్యాయం. కాకి మాట తప్పే కానీ, కాసేపు ఈ కంటితో కాసేపు ఆ కంటితో చూసే మెల్లకు ఇంతకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు.

7వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు పౌల్ ఆఫ్ ఎజీనా మెల్ల ఉన్న పిల్లలకు కన్నాలున్న ముసుగు తొడగమన్నాడు, చూపు తిన్నగా వస్తుందని. 1743లో ఫ్రాన్స్‌లో ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ అసలు కిటుకు పట్టాడు: బాగున్న కన్ను మూసి, బద్ధకించిన కంటికి పని చెప్పమన్నాడు. ఇప్పటి ప్యాచ్ అదే. 1839లో బెర్లిన్‌లో సర్జన్ డీఫెన్‌బాక్ ఏకంగా కంటి కండరం కోశాడు. మత్తుమందు ఇంకా రాని రోజులు! ఆ కోత ఊరూరా పాకింది. లోపలికి తిరిగిన కళ్లు కొందరికి బయటికి తిరిగాయి.

అదే 1839లో పారిస్‌లో పుట్టాడు ఎమిల్ జావాల్. తండ్రికీ మెల్లే, తోడబుట్టిన సోఫీకీ మెల్లే. గనుల ఇంజనీరింగ్ చదివినవాడు వైద్యంలోకి మళ్లాడు. శాస్త్రవేత్త వీట్‌స్టన్ 1838లో లోకానికి చూపించిన స్టీరియోస్కోప్, అంటే రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు చూపే పరికరం, అప్పటికి కాలక్షేపపు వస్తువు. జావాల్ దాన్నే సోఫీ కళ్లకు సాధన చేయించే పనిముట్టుగా మార్చాడు. కన్ను తిన్నగా కనిపిస్తే చాలదు, రెండూ కలిసి చూడాలన్నది ఆయన పట్టుదల. కళ్లకు సాధన చేయించే ఈ వైద్యం, ఆర్థాప్టిక్స్, అక్కడే మొదలైందంటాను. 1896లో మెల్లకన్ను మీద పుస్తకం రాసిన ఆ మనిషే గ్లకోమాతో చూపు పోగొట్టుకున్నాడు.

లండన్‌లో, కంటి డాక్టరు ఎర్నెస్ట్ మ్యాడక్స్ కూతురు మేరీ 1920లలో దీన్నే వృత్తిగా చేపట్టింది. తొలి ఆర్థాప్టిస్టు ఆమే. ఆ తర్వాత వచ్చిన సినాప్టోఫోర్ అనే పరికరంలో ఒక కంటికి సింహం, రెండో కంటికి బోను కనిపిస్తాయి. పిల్లవాడు పిడులు తిప్పి సింహాన్ని బోనులోకి పంపాలి. “సింహమే ఉంది, బోను లేదు” అన్నాడా, ఒక కన్ను ఊరుకుందన్నమాట.

ఇక మన దగ్గరికొస్తే, దొరవారిసత్రం మీదుగా వెళ్లే రైళ్లు చేరే చెన్నైలోనే, ఎగ్మూర్‌లో, 1819 నాటి కంటాసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన కంటి వైద్య సంస్థకు సినిమా మనిషి ఎల్వీ ప్రసాద్ పేరు పెట్టారు. మన దగ్గర కళ్లకు సాధన చేయించే పని ఎక్కువగా ఆప్టోమెట్రిస్టుల చేతిలోనే నడుస్తుంది. కళ్లు దగ్గరికి కూడలేక చదివేటప్పుడు తలనొప్పి వచ్చేవాళ్లకు వ్యాయామం బాగా పనిచేస్తుంది. పెద్ద మెల్లకు చాలావరకు ఆపరేషనే దారి. పెన్సిల్ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే అన్నీ పోతాయనే వీడియోలను నమ్మకండి.

నాకు కోపం తెప్పించేది “మెల్లకన్ను అదృష్టం” అన్న మాట. పిల్లిపిల్లల కన్ను మూసి హ్యూబెల్, వీజెల్ చేసిన ప్రయోగాలు (1981 నోబెల్‌లో వాళ్లకూ వాటా ఉంది) పసితనంలో వాడని కంటిని మెదడు వదిలేస్తుందని తేల్చాయి. అదృష్టమని మురిసే ఏళ్లే వైద్యానికి పనికొచ్చే ఏళ్లు.

రోజంతా ప్యాచ్ పెట్టాలేమోనని జంకక్కర్లేదు. ఓ మోస్తరు బద్ధకపు కంటికి రోజుకు 6 గంటలు మూసినా 2 గంటలు మూసినా మెరుగు సమానమేనని 2003లో అమెరికా అధ్యయనం చూపింది. ఎన్ని గంటలో డాక్టరే చెప్పాలి. ఆ కాసేపూ దగ్గరి పని ఇవ్వొచ్చు: పూసలు గుచ్చడం, మల్లెలు కట్టడం, చేటలో బియ్యం పోసి రాళ్లేరమనడం.