యాక్చువరీ ఉద్యోగం: చేతికొచ్చే జీతం ఎంత, ఆఫీసులో ఎలా మెలగాలి

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు కామర్స్ చదివే పిల్లల ఇళ్లలో సీఏ, బ్యాంకు పరీక్షలు, గల్ఫ్ వీసా గురించి మాట్లాడుకుంటారు. 'యాక్చువరీ' అన్న మాట మాత్రం అరుదు. నిజానికి ఆ పని ఫలితం ఇక్కడి ఇళ్లకు తెలియనిది కాదు. 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమాలో ఒక్కో రైతుకు ఎంత ప్రీమియం పడాలి, సింగరేణి కార్మికుల పెన్షన్ నిధి ముందు ముందు సరిపోతుందా లాంటివి తేల్చేది ఈ లెక్కే. ఏ వయసులో ఎంతమంది చనిపోవచ్చు, పింఛను ఎన్నేళ్లు ఇవ్వాల్సి రావచ్చు అని అంచనా వేసి దాన్ని రూపాయల్లోకి మారుస్తారు.

2006 యాక్చువరీల చట్టం కింద పనిచేసే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ఈ పరీక్షలు పెడుతుంది. ఇంటర్ తర్వాత ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయొచ్చు. 2019 సిలబస్ ప్రకారం ఫెలో కావాలంటే 13 పేపర్లు. బీకామ్ వాళ్లకూ దారి ఉంది, కానీ గణితం, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉండాలి. ఇక్కడే చాలామంది మధ్యలో ఆగిపోతారు.

జీతం పేపర్లతో పాటు పెరుగుతుంది. అందరికీ తెలిసేలా ఉన్న లెక్క ఎల్‌ఐసీది. 2025 ఏఏవో నోటిఫికేషన్‌లో యాక్చువరీ విభాగానికి 30 పోస్టులు ఇచ్చారు, డిగ్రీతో పాటు కనీసం 6 పేపర్లు పాసై ఉండాలన్నారు. మూలవేతనం 88,635 రూపాయలు. పెద్ద నగరంలో అలవెన్సులతో కలిపి నెలకు సుమారు 1,26,000.

ప్రైవేటులో చెప్పేది సీటీసీ. ఏడాదికి 6 లక్షలు అన్నారనుకుందాం, అందులో సగం బేసిక్. కంపెనీ కట్టే పీఎఫ్ 36,000, గ్రాట్యుటీ కింద బేసిక్‌లో 4.81 శాతం అంటే 14,430 అందులోనే కలిపేస్తారు. ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 36,000 పోతుంది. మిగిలేది నెలకు దాదాపు 42,800. బోనస్ 60,000 కూడా ఆ 6 లక్షల్లోనే ఉంటే నెలకు వచ్చేది 37,800. వృత్తి పన్ను ఇంకా తీయలేదు. హైదరాబాద్‌లో గది అద్దె, ఊరికి రాకపోకల ఖర్చు దీనిలోంచే. సంబంధం చూసేవాళ్లు 'ఆరు లక్షల జీతం' అని చెప్పుకునే ముందు ఈ తేడా చూడాలి.

పక్క సీటు అతన్ని జీతం అడగడం బాగుండదు. హెచ్‌ఆర్‌ను మాత్రం మొహమాటం లేకుండా అడగాలి: పరీక్ష ఫీజు తిరిగి ఇస్తారా, చదువుకోవడానికి ఎన్ని రోజుల సెలవు, పేపర్ పాసైతే ఎంత పెంపు? జవాబు ఈమెయిల్‌లో ఉండాలి.

ఈ ఆఫీసుల్లో ఒకరి లెక్కను ఇంకొకరు సరిచూడటం రివాజు. తప్పు దొరికితే అవమానంగా తీసుకోకూడదు, 'నా షీట్ ఎందుకు చూశావు' అనకూడదు. ఏ అంచనా ఎందుకు తీసుకున్నారో రాసి పెట్టాలి. పై అధికారి అంకె మార్చమంటే కారణం అడిగి, ఆ కారణం కూడా రాసుకోవాలి. పాలసీదారుల వివరాలు బయట మాట్లాడటం పెద్ద తప్పు, ఇంట్లో కూడా.

మార్చి 31 లెక్కల వల్ల ఏప్రిల్‌లో సెలవు దొరకడం కష్టం. మన ఇళ్లలో షాదీలు కూడా వేసవిలోనే ఎక్కువ కాబట్టి తేదీ ముందే చెప్పుకోవాలి. జుమా నమాజ్ సమయం కూడా చేరిన మొదటి వారంలోనే మేనేజర్‌కు చెప్పి, ఆ గంటలో మీటింగ్ పెట్టొద్దని కోరడం మంచిది. ప్రతి శుక్రవారం చెప్పకుండా లేచి వెళ్తే మాట వస్తుంది.

బీమాలో వడ్డీ ఉంది కదా, జాయిజేనా అన్న సందేహం కొందరు పెద్దలది. ముఫ్తీ సాబ్‌ను అడిగేటప్పుడు పని ఏ విభాగంలోనో చెప్పి అడగాలి. కార్మికుల గ్రాట్యుటీ లెక్కించడం వేరు, లైఫ్ పాలసీకి ధర కట్టడం వేరు. మలేషియాలో 1984లోనే తకాఫుల్ చట్టం వచ్చింది. అక్కడి తకాఫుల్ కంపెనీలకూ యాక్చువరీలు కావాలి, చదువు దాదాపు ఇదే.