గిన్నె మీద పేరు

తక్షశిలలో దొరికిన ఒక వెండి పాత్ర మీద దాని సొంతదారు పేరు చెక్కి ఉంది. ఆయన జిహోణికుడు. మహారాజుకి సోదరుడైన మణిగులుడి కొడుకు, చుక్ష అనే సీమకి క్షత్రపుడు. సంవత్సరం 191. ఖరోష్ఠి లిపిలో, కుడి నించి ఎడమకి రాసిన రాత. ఏ శకంలో 191 అనేదాని మీద పండితులు వాదించుకుంటానే ఉన్నారు. ఎటు లెక్కేసినా రెండువేల ఏళ్ల కిందటి మాట.

తక్షశిల ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది, రావల్పిండికి దగ్గిర. 1913 నించి 1934 దాకా జాన్ మార్షల్ అక్కడ తవ్వించాడు. సిర్కప్ అనే చోట వీధులకి వీధులే బయటపడ్డాయి. ఇళ్ల నేలల కింద నగలు, వెండి గిన్నెలు, కప్పులు దొరికినాయి. కుషాణులు దండెత్తి వస్తుంటే సొంతదారులు వాటిని పాతిపెట్టి పారిపోయారనీ, మళ్లీ తిరిగి రాలేదనీ మార్షల్ ఊహించాడు. 1951లో ఆయన మూడు సంపుటాల పుస్తకం అచ్చయింది.

జిహోణికుడిది ఒక్కటే కాదు. థవరుడి కొడుకు థియోడోరస్ అని ఇంకొకరి పేరు కూడా వెండి సామాను మీద ఉంది. థియోడోరస్ గ్రీకు పేరు. తండ్రి పేరు చూస్తే గ్రీకు పేరులాగా లేదు. యవనులు ఇక్కడివాళ్లలో కలిసిపోయిన కాలం అది. కొన్నిటి మీద తూకం కూడా చెక్కారు. ఎవరిదో తెలియాలి, ఎంత వెండో తెలియాలి. అంతవరకే రాత. ఆ వెండి కరిగించినవాడి పేరు లేదు. సాగగొట్టినవాడి పేరు లేదు. రోజూ తోమినామె పేరు అసలే లేదు.

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. మా పిల్లలకి తక్షశిల అంటే గొప్ప విద్యాపీఠం అని చెప్పాలి. చెబుతాను. కాని మాదిగోడికి చరిత్ర చదివేటప్పుడు కళ్లు గిన్నె మీదికే పోతాయి. ఎందుకంటే మమ్మల్ని ఊరి నించి వేరుచేసిన గీత మొదట గీసింది నేల మీద కాదు, గిన్నె మీద. ఇది నేను కోపంలో అంటున్న మాట కాదు. వ్యాకరణంలోనే ఉంది.

పాణినిది శలాతురం. అది కూడా గాంధారమే, సింధునదికి ఆవలి ఒడ్డు. తక్షశిలకి మరీ దూరమేమీ కాదు. ఆయన అష్టాధ్యాయిలో, రెండో అధ్యాయం నాలుగో పాదంలో పదో సూత్రం చూడండి. రెండు కులాల పేర్లు కలిపి ఒక సమాసం చేసేటప్పుడు అది ఏకవచనంలో ఉండాలంటే ఆ శూద్రులు 'బయటికి నెట్టనివాళ్లు' అయ్యుండాలంటాడు. మరి దేన్నించి బయటికి? దీన్ని విప్పి చెప్పింది క్రీస్తుకి పూర్వం రెండో శతాబ్దం నాటి పతంజలి. ఆర్యావర్తం నించా? ఊరి నించా? యజ్ఞం నించా? ఒక్కోటీ పరీక్షించి కాదంటాడు. చివరికి తేల్చింది పాత్ర. ఎవరు తింటే ఆ గిన్నె ఎంత శుద్ధి చేసినా శుద్ధి కాదో, వాళ్లు బయటివాళ్లు. వడ్లవాళ్లు, కమ్మరులు, చాకళ్లు, సాలెవాళ్లు లోపలే. చండాలులు, మృతపులు బయట. మృతపులు శవాల పనికి కట్టుబడ్డ జాతి.

ఇక్కడ పతంజలి ఇచ్చిన ఒక ఉదాహరణ నన్ను చాలా రోజులు పట్టి ఊపింది. 'శకయవనం.' ఏకవచనం. అంటే శకులు, యవనులు లోపలివాళ్లు. వాళ్లు తిన్న గిన్నె తోముకుంటే సరిపోద్ది. ఎక్కడో పడమటి నించి గుర్రాలెక్కి వచ్చినవాళ్లు, కత్తితో రాజ్యాలు కట్టినవాళ్లు, వేరే భాష వేరే దేవుళ్లు ఉన్నవాళ్లు. జిహోణికుడు శక క్షత్రపుడు. థియోడోరస్‌ది యవన పేరు. పతంజలి కాలం వీళ్లకంటే ముందే, కాని ఆయన పెట్టిన గీత వీళ్లని లోపలే ఉంచుతుంది. ఈ నేల మీదే పుట్టి, ఈ నేలే దున్ని, ఈ ఊళ్ల గొడ్లే మోసినవాడు మాత్రం బయట. కాబట్టి మమ్మల్ని దూరం పెట్టింది పరాయితనం వల్ల కాదు. మురికి వల్ల కూడా కాదు. పని చేయించుకోవాలి, పక్కన కూర్చోనీకూడదు. దానికి గిన్నె సాక్ష్యం.

మనుస్మృతిలో ఈ లెక్క ఇంకా ముదిరింది. ఐదో అధ్యాయంలో, 112వ శ్లోకంలో పాత్రలు శుభ్రం చేసే పద్ధతి ఉంది. మరకలేని బంగారు గిన్నె నీళ్లతోనే శుద్ధి అవుద్ది. చెక్కడం పని లేని వెండి గిన్నె కూడా అంతే. అంటే వెండి కప్పు మీద నగిషీ ఉందా లేదా అని కూడా పట్టించుకున్నారు. పదో అధ్యాయానికి వచ్చేసరికి 51, 52 శ్లోకాల్లో చండాలుడు ఊరి బయట ఉండాలి, పగిలిన కుండల్లో తినాలి, శవాల బట్టలు కట్టాలి, ఇనప నగలు పెట్టుకోవాలి. నగిషీ చెక్కిన వెండికి శుద్ధి విధానం ఉంది. మనిషికి లేదు.

ఇదంతా పాత పుస్తకాల సంగతని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. మా నాయనమ్మ సత్తు గ్లాసు సంగతి చెబుతా. ఆమె ఆసామి ఇంట్లో కసువు ఊడ్చేది, పేడకళ్లు ఎత్తేది. ఆమెకని ఒక సొట్టల సత్తు గ్లాసు గొడ్లసావిడి చూరులో దోపి ఉండేది. కాఫీ తాగాలంటే అది తీసుకుని, కడుక్కుని, కింద పెట్టి పక్కకి జరగాలి. పైనించి పోస్తారు. తాగినాక మళ్లీ కడిగి చూర్లో పెట్టాలి. ఆ గ్లాసు మీద పేరు లేదు. అయినా అది ఎవరిదో ఊరంతటికీ తెలుసు. నేను చిన్నపిల్లోణ్ణి. "నాయనమ్మా, మన గ్లాసేగా, ఇంటికి తెచ్చుకుందామే" అంటే, "మనదెట్టా అయిద్దిరా నాయనా, మనకోసం పెట్టిందది" అనింది. సొంతదారు ఎవరు అనే ప్రశ్నకి ఇంతకంటే కచ్చితమైన జవాబు నేను ఏ చరిత్ర పుస్తకంలోనూ చదవలేదు.

రాజ్యాంగం 17వ అధికరణం 1950 నించీ అమల్లో ఉంది. అయినా మా ఊరి బడ్డీ హోటల్లో మాకు వేరే గ్లాసులుండటం నా కళ్లారా చూశాను.

నాకు ఉద్యోగం వచ్చినాక, మా పాప పుట్టినప్పుడు, వెండి ఉగ్గుగిన్నె కొనడానికి పట్నం పోయాం. షాపాయన తూకం వేసి, "పేరు కొట్టాలా?" అన్నాడు. కొట్టమన్నాను. "ఇంటిపేరేంటండీ? మీరేవిట్లు?" అన్నాడు. వెండి అమ్మేవాడికి ఇది ఎందుకో నాకు తెలుసు, అతనికీ తెలుసు. "మాదిగలం" అని గట్టిగానే చెప్పాను. మిషను చేతిలో పట్టుకుని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత కొట్టాడు. పాప పేరు కాదు, మా నాయనమ్మ పేరు. అప్పటికి ఆమె లేదు. రేషన్ కార్డు మీద, ఓటరు జాబితాలో తప్ప ఆమె పేరు ఇంకెక్కడా రాసి ఉండలేదు. మా ఆవిడ, "అత్తయ్య చూస్తే ఏడుస్తది" అనింది. మాయమ్మ ఏడవలేదు. గిన్నె అటూ ఇటూ తిప్పి, "మాయత్త దీంట్లో ఒక్కసారన్నా తాగుంటేనా" అనింది.

వెండి గిన్నె కొన్నందుకు నేను గొప్పపడటం లేదు. వెండికి ఇంకో చరిత్ర కూడా ఉంది. రాజగృహంలో ఒక శ్రేష్ఠి చందనపు భిక్షాపాత్రని ఎత్తుగా వేలాడదీసి, మహిమ ఉన్నవాళ్లు తీసుకోండన్నాడు. పిండోల భారద్వాజుడు తీసుకున్నాడు. బుద్ధుడు దాన్ని ముక్కలు చేయించాడు. భిక్షువులకి బంగారు, వెండి పాత్రలు వద్దన్నాడు. ఇనుముదీ మట్టిదీ చాలన్నాడు. వినయపిటకంలో ఉంది ఈ సంగతి. మనువు చండాలుడికి అవమానంగా అంటగట్టిన మట్టీ ఇనుమూ, సంఘంలో అందరి చేతికీ వచ్చినాయి. శార్దూలకర్ణ కథలో ఆనందుడు మాతంగి పిల్లని మంచినీళ్లు అడుగుతాడు. ఆమె తన కులం చెబితే, నేనడిగింది కులం కాదు నీళ్లంటాడు. 1956లో అంబేద్కర్ ఆ దారి పట్టడం ఊరికే కాదు. 1927లో మహద్ చెరువులో దోసిలి ముంచిన మనిషి ఆయన.

మన దగ్గిర చరిత్రకెక్కాల్సిన పాత్ర ఇంకోటి ఉంది. అది వెండిది కాదు. 1985 జులైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లని పాడు చేస్తుంటే అడ్డం చెప్పి, కొట్టబోతే తన నీళ్లబిందె ఎత్తింది మున్నంగి సువార్త. జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ బిందె ఏమైందో, దాని మీద పేరుందో లేదో ఎవరూ రాసి పెట్టలేదు. జిహోణికుడి పాత్రకి తేదీ ఉంది, తండ్రి పేరుంది, పెదనాన్నో బాబాయో అయిన మహారాజు ఊసు కూడా ఉంది.

అందుకే తక్షశిల పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలకి ఒక పని ఇస్తాను. ఇంట్లో గిన్నెల మీద ఎవరి పేర్లున్నాయో రాసుకురండి. ఎవరు కొన్నారో, ఎవరు తోముతారో, ఎవరి పేరు ఏ గిన్నె మీదా లేదో అడిగి తెలుసుకోండి. మాల మాదిగ పల్లె పిల్లలు ఎక్కువగా ఒక్క పేరుతో వస్తారు. కొందరు ఖాళీ కాయితంతో వస్తారు. ఆ ఖాళీ కాయితాలకి కూడా నేను మార్కులు వేస్తాను, ఎందుకు వేశానో క్లాసు మొత్తానికి చెబుతాను.