సెలోపెహాదు కుమార్తెలు: భూమి, పెళ్ళి, వారసత్వం

కొత్తకోట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఇంటి పెద్ద చనిపోయాక పొలం పట్టాను వారసుల పేరు మీదికి మార్పించుకోవడాన్ని 'విరాసతు చేయించుకోవడం' అంటారని మీకు తెలుసు. ఆ కాగితంలో ఆడబిడ్డల పేర్లు ఉంటాయా, లేక 'మాకు అభ్యంతరం లేదు' అన్నచోట వాళ్ళ సంతకాలు మాత్రమే ఉంటాయా అన్నది చాలా ఇళ్ళలో ఇప్పటికీ తెగని మాట. ఇదే తగవు ప్రాచీన ఇశ్రాయేలీయుల పవిత్ర గ్రంథంలో ఒక వ్యాజ్యంగా నమోదై ఉంది. ఈ పాఠంలో దాన్ని మతబోధగా కాక చారిత్రక ఆధారంగా చదువుదాం.

సంఖ్యాకాండం 26వ అధ్యాయంలో ఒక జనాభా లెక్క ఉంది. ఇరవై ఏళ్ళు దాటిన మగవాళ్ళను గోత్రాలవారీగా లెక్కించి, ఆ లెక్కను బట్టి కనాను దేశపు భూమిని పంచాలన్నది ఏర్పాటు. అంటే లెక్కలో మగవాడు లేని ఇంటికి భూమి లేదు. మనష్షే గోత్రంలోని సెలోపెహాదు అరణ్య ప్రయాణంలోనే చనిపోయాడు. అతనికి కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే ఐదుగురు కూతుళ్ళున్నారు. 27వ అధ్యాయంలో ఈ ఐదుగురూ ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గరికి వచ్చి మోషే ఎదుట, యాజకుడైన ఎలియాజరు ఎదుట, సర్వ సమాజం ఎదుట నిలబడ్డారు.

వాళ్ళ వాదన ఎలా సాగిందో గమనించండి. 'ఆడవాళ్ళకూ సమాన హక్కు కావాలి' అని వాళ్ళు అనలేదు. ఆ భాష ఆ కాలానిది కాదు. మా తండ్రి కోరహు తిరుగుబాటులో చేరినవాడు కాదు, తన పాపాన తాను పోయాడు అన్నారు. తిరుగుబాటుదారుడి భూమి పోవచ్చు గాని మా తండ్రి భూమి పోవలసిన కారణం లేదని దాని అర్థం. ఆ తర్వాత, కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు వంశంలో నుంచి ఎందుకు తుడిచిపెట్టుకుపోవాలని అడిగారు. విశ్వాసం లోపలి తర్కంతోనే, తండ్రి పేరు నిలబెట్టాలన్న పురుష సమాజపు విలువతోనే వాళ్ళు తమ వాటా అడిగారు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికంటే తెలివైన భాగం ఇదే.

మోషే స్వయంగా తీర్పు చెప్పలేదు, వ్యాజ్యాన్ని దేవుని ముందుంచాడు. ఇలా దేవుణ్ణి అడగవలసి వచ్చిన సందర్భాలు ఈ గ్రంథాల్లో కొన్నే ఉన్నాయి. దైవదూషణ చేసినవాడి కథ, సబ్బాతు నాడు కట్టెలు ఏరినవాడి కథ అలాంటివే. అవి రెండూ రాళ్ళతో కొట్టి చంపడంతో ముగిశాయి. ఇక్కడ మాత్రం అడిగినవాళ్ళ మాటే న్యాయమని తీర్పు వచ్చింది. అంతేకాదు, ఆ తీర్పు అందరికీ వర్తించే చట్టమైంది: కొడుకు లేకపోతే కూతురికి, కూతురూ లేకపోతే అన్నదమ్ములకు, వాళ్ళూ లేకపోతే తండ్రి అన్నదమ్ములకు, ఆపైన దగ్గరి బంధువుకు.

ఈ వరుసలో ఒకరు కనిపించరు. భార్య. మన ప్రాంతంలో చెల్లిన ధర్మశాస్త్ర సంప్రదాయంతో పోల్చి చూడండి. కల్యాణి చాళుక్యుడు ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరలో, విభక్తుడైన మనిషి కొడుకుల్లేక చనిపోతే మొదటి వారసురాలు భార్య, ఆ తర్వాత కూతుళ్ళు. ఇశ్రాయేలు చట్టం విధవకు ఆ చోటు ఇవ్వలేదు. రూతు గ్రంథంలో నయోమికి భర్త పొలంతో సంబంధం ఉన్నట్లు కనిపించినా, ఆ పొలాన్ని విడిపించడానికి బోయజు అనే బంధువు కావలసి వచ్చింది. రాజుల రెండవ గ్రంథంలో షూనేము స్త్రీ కరవు వల్ల ఏడేళ్ళు దేశం విడిచి, తిరిగి వచ్చి తన ఇంటికోసం, పొలంకోసం రాజు దగ్గర మొరపెట్టుకుంది. స్త్రీల చేతిలో భూమి ఉండేదని ఈ కథలు చెబుతాయి. దాన్ని నిలుపుకోవడానికి ఎవరో ఒకరి అండ అవసరమయ్యేదనీ చెబుతాయి.

ఇక 36వ అధ్యాయం. సెలోపెహాదు కథ చెప్పేవాళ్ళు తరచు 27వ అధ్యాయంతోనే ఆపేస్తారు. మీరు ఆపవద్దు. మనష్షే గోత్రంలోని గిలాదు వంశపు పెద్దలు వచ్చి, ఈ అమ్మాయిలు వేరే గోత్రంవాళ్ళను పెళ్ళాడితే మా భూమి వాళ్ళ గోత్రంలో కలిసిపోతుంది, సునాద సంవత్సరం వచ్చినా తిరిగి రాదు అన్నారు. ఆ మాటా న్యాయమేనని తీర్పు వచ్చింది. కూతుళ్ళు తమకు నచ్చినవాణ్ణి చేసుకోవచ్చు గాని తండ్రి గోత్రంలోనే చేసుకోవాలి. చివరికి ఐదుగురూ తమ తండ్రి అన్నదమ్ముల కొడుకులనే పెళ్ళాడారు.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఉలిక్కిపడాలి. పెదనాన్న, చిన్నాన్న కొడుకులు మనకు అన్నదమ్ముల వరుస. బైబిలు తెలుగులో 'గోత్రం' అన్న మాట వాడినా అది మన గోత్రం కాదు. మన గోత్రం లోపల పెళ్ళి కుదరదు, అక్కడ గోత్రం బయట కుదరదు. ఉద్దేశం ఒకటే, పొలం చేతులు మారకూడదు. ఆ పనికి మన దగ్గర వేరే దారులు ఏర్పడ్డాయి. మేనరికం ఒకటి. కొడుకుల్లేని ఇంట్లో అల్లుణ్ణి తెచ్చి పెట్టుకునే ఇల్లరికం మరొకటి. దీన్నే ఇల్లటమని కూడా అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ న్యాయస్థానాలు 19వ శతాబ్దంలో దీన్ని రెడ్డి, కమ్మ కుటుంబాల ఆచారంగా గుర్తించాయి. ఇల్లటంలో భూమి కూతురి పేరున కాక అల్లుడి పేరున నడుస్తుంది. ఆ మేరకు మహలా చెల్లెళ్ళ ఏర్పాటే కొంత మెరుగనిపిస్తుంది.

ఈ అక్కచెల్లెళ్ళు నిజంగా ఉన్నారా? 1910లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు షోమ్రోను, అంటే సమరయ, తవ్వకాల్లో క్రీ.పూ. 8వ శతాబ్దపు పెంకు రాతలు కనుగొన్నారు. ద్రాక్షారసం, నూనె ఏ ప్రాంతం నుంచి ఎంత వచ్చిందో రాసుకున్న లెక్కలవి. వాటిలో నోయా, హొగ్లా ప్రాంతాల పేర్లుగా కనిపిస్తాయి. తిర్సా ఉత్తర ఇశ్రాయేలు రాజ్యానికి కొంతకాలం రాజధానిగా ఉన్న పట్టణం పేరు. కాబట్టి మనష్షే ప్రాంతంలోని ఊళ్ళకు, వంశాలకు ఆ భూమిపై ఉన్న హక్కును వివరించే కథగా ఇది పుట్టి ఉండవచ్చునని అనేకమంది పండితులు భావిస్తారు. దానివల్ల కథ విలువ తగ్గదు. ఊళ్ళ పుట్టుకను చెప్పుకోవడానికి ఆ సమాజం ఐదుగురు కూతుళ్ళ వ్యాజ్యాన్ని ఎన్నుకుందంటే, అలాంటి వ్యాజ్యాలు వినేవాళ్ళకు కొత్త కావన్నమాట.

చట్టం ఒకటి, వాడుక ఒకటి. యెహోషువ గ్రంథం 17వ అధ్యాయంలో ఈ ఐదుగురూ మళ్ళీ వచ్చి, మాకు ఇమ్మన్నారు కదా అని గుర్తుచేశాకే భూమి చేతికందింది. దేవుడి తీర్పుకే రెండోసారి తిరగవలసి వచ్చిందంటే, తహసీలు కార్యాలయం సంగతి చెప్పేదేముంది! మరోవైపు, చట్టంలో లేని చోట కూడా ఆస్తి కూతుళ్ళకు వెళ్ళింది. ఈజిప్టులోని ఎలిఫెంటైన్ ద్వీపంలో స్థిరపడిన యూదు సైనిక కుటుంబాల అరమాయిక్ పత్రాలు దొరికాయి. వాటిలో క్రీ.పూ. 5వ శతాబ్దం మధ్యలో మహ్సేయా అనే తండ్రి తన కూతురు మిబ్తహియాకు ఇంటి స్థలం రాసిచ్చిన దస్తావేజు ఉంది. ఆమె దాన్ని తన ఇష్టం వచ్చిన పిల్లలకు ఇచ్చుకోవచ్చు. ఆ ద్వీపంలో యూదుల దేవుడికి గుడి ఉండేది. అయినా ఒక ఆస్తి తగవులో మిబ్తహియా సతి అనే ఈజిప్టు దేవత పేరున ప్రమాణం చేసింది. గ్రంథంలోని విశ్వాసం వేరు, కోర్టు మెట్ల మీది విశ్వాసం వేరు.

36వ అధ్యాయంలోని షరతు మన చట్టాల్లోనూ వేరే రూపంలో వచ్చింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, 1986లో చేసిన ఆంధ్రప్రదేశ్ సవరణ హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. దాన్ని 1985 సెప్టెంబరు 5 నుంచి అమలుచేసింది. కాని ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళను మినహాయించింది. ఇక్కడా హక్కు పెళ్ళి దగ్గరే ఆగింది. అదే 1986లో మేరీ రాయ్ కేసులో సుప్రీంకోర్టు తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం 1951 నుంచే చెల్లదని చెప్పింది. కొడుకు వాటాలో నాలుగోవంతు, లేదా 5000 రూపాయలు, రెంటిలో ఏది తక్కువైతే అది కూతురికి ఇచ్చిన చట్టమది. మన ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టంలో, వీలునామా లేనప్పుడు భార్యకు మూడోవంతు పోను మిగిలింది కొడుకులకు, కూతుళ్ళకు సమానమే. 27వ అధ్యాయాన్ని ఆదివారం చదివే ఇళ్ళలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువని నా అనుభవం.

పెళ్ళయిన కూతుళ్ళ మీది ఆ మినహాయింపును 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ తొలగించింది. ఆ తేదీనాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు పద్ధతి ప్రకారం జరిగిపోయిన పంపకాలను మాత్రం కదిలించలేదు.