అంగన్‌వాడీ లెక్కల్లో యాభై ఏళ్లు

ఛత్తీస్‌గఢ్‌లో వజన్ త్యోహార్ వచ్చిందంటే రాయ్‌పూర్ బస్తీల నుంచి బస్తర్ అడవి పల్లెల దాకా అంగన్‌వాడీల్లో కాటాలు కడతారు. 2012లో మొదలైన ఈ బరువుల పండుగలో ఆరేళ్ల లోపు పిల్లలను ఊరివాళ్ల ఎదుటే తూస్తారు. స్ప్రింగు కాటాకు లాగులాంటి గుడ్డ తగిలించి పసివాణ్ణి కూర్చోబెడితే వాడు కాళ్లు తన్నుకుంటాడు, ముల్లు ఊగిపోతుంది. వాడు కుదురుకునే దాకా ఆగి అంకె చూడాలి. తొందరపడి అరకిలో ఎక్కువ రాస్తే, సాయం అందాల్సిన బిడ్డ బాగున్నవాళ్ల లెక్కలో చేరిపోతాడు.

యాభై ఏళ్లుగా అంగన్‌వాడీకి ఇలాంటి అంకెలే ఆయువుపట్టు. 1972లో మీనా స్వామినాథన్ నేతృత్వంలోని అధ్యయన బృందం బడికెళ్లని వయసు పిల్లల సంగతి దేశం ముందు పెట్టింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో, అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. తొలినాళ్ల సర్వేలను వైద్య కళాశాలల అధ్యాపకులు చేశారు. బహుశా అందుకే తిండి, టీకా, బరువుల లెక్క గట్టిపడింది. ఆట, మాట, చదువుల లెక్క వెనకబడింది.

పోషణ లెక్కలు ఎంత దూరం వెళ్లగలవో హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెలు చూపించాయి. పథకం అన్ని ఊళ్లకూ ఒకేసారి రాలేదు. ఆ ఎడాన్నే జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పనిలో పెట్టుకున్నారు. 1987–90 మధ్య 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టేవారు. దగ్గర్లోని 14 ఊళ్లకు పథకం ఇంకా చేరలేదు. 2003–05లో మళ్లీ వెళ్లి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్ల వయసుకొచ్చిన 1,165 మందిని కొలిస్తే, ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ తేలారు. తర్వాతి విశ్లేషణలో వాళ్లు చదువులోనూ 0.84 తరగతి ముందున్నట్టు కనిపించింది. ఊళ్లను చీటీలు తీసి ఎంచలేదు కాబట్టి, కుటుంబాల ఆర్థిక స్థితిలో తేడాలను లెక్కలోకి తీసుకునే ఈ ఫలితాన్ని చదవాలి. అయినా చంటితనంలో తిన్న ఉప్మాకూ పెద్దయ్యాక చదివిన తరగతికీ ముడి ఉందని అంకెల్లో పట్టుకోవడం చిన్న విషయం కాదు.

చదువు లెక్క ఆలస్యంగా మొదలైంది. 2011 నుంచి ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో దాదాపు 14,000 మంది నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెంబడించాయి. ఏది ముందో ఏది తర్వాతో చూసి బొమ్మలను వరుసగా పెట్టడం, ఒక తీరువి ఒకచోట చేర్చడం, చెప్పింది విని చేయడం: బడికి సిద్ధమయ్యారో లేదో ఇలాంటివాటితో చూశారు. ఐదేళ్లకు చాలామంది సిద్ధంగా లేరు. ఏదో ఒక కేంద్రానికి వెళ్లినంత మాత్రాన సరిపోలేదు. అక్కడ ఆటపాటలు జరిగాయా, అక్షరాలు దిద్దించడంతోనే పొద్దుపోయిందా అన్నది తేడా తెచ్చింది.

ఇంతకీ ఆటపాటలకు తీరిక ఏది? రిజిస్టర్లు, ఇంటింటి తిరుగుడు అన్నీ ఒక్క టీచరమ్మ నెత్తినే. తమిళనాడులో కార్తీక్ మురళీధరన్ బృందం 320 అంగన్‌వాడీలు తీసుకుని, లాటరీతో సగం కేంద్రాలకు సగంపూట పనిచేసే మరో మనిషిని ఇచ్చి చూసింది. పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపయింది. లెక్కలు, భాష మెరుగుపడ్డాయి, గిడసబారిన పిల్లలు తగ్గారు. అంగన్‌వాడీకి రెండో టీచరు కావాలనడానికి ఇంతకంటే గట్టి రుజువు దొరకడం కష్టం.

ఛత్తీస్‌గఢ్ 2022 సెప్టెంబరు 5న బాల్వాడీలు తెరిచి ఐదేళ్ల పిల్లల చదువును బడి గడపకు చేర్చింది. ఇక వజన్ త్యోహార్ లాగే ఏటా కొన్ని కేంద్రాలను లాటరీతో ఎంచి, పిల్లల మాట, ఆట, ఆలోచననూ కొలవాలి. అయితే ఇక్కడ ఇంట్లో ఛత్తీస్‌గఢీ, హల్బీ, గోండీ మాట్లాడే పిల్లలున్నారు, తెలుగు పిల్లలూ ఉన్నారు. ప్రశ్న హిందీలోనే అడిగితే బిడ్డకు హిందీ ఎంత వచ్చో తెలుస్తుంది గానీ, వాడి తెలివి లెక్కకు రాదు. కాబట్టి బడికి సిద్ధమయ్యారో లేదో చూసే ఆ బొమ్మల పరీక్షను ముందు ఆయా భాషల్లో, ఆయా ఊళ్లలోనే సరిచూసుకోవాలి.