రైల్లో ఆకలి లేకపోయినా తినేస్తున్నారా? దూర ప్రయాణంలో బరువు, షుగర్ అదుపు తప్పకుండా ఇలా ప్లాన్ చేసుకోండి

ఇంట్లో కొలత ప్రకారం తినేవాళ్లు కూడా రైలెక్కగానే లెక్క తప్పుతుంటారు. కూర్చున్న చోటికే చాయ్ వస్తుంది. దాని వెనకే సమోసా, ఆ వెనకే కట్‌లెట్. పొద్దుపోక ఒకటి, పక్కవాళ్లు కొన్నారని ఇంకొకటి లాగించేస్తారు. ఒక్క ప్రయాణంతో పెద్దగా కొవ్వు పేరుకుపోదు. కానీ షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, ఉద్యోగం కోసం నెలకు నాలుగైదుసార్లు తిరిగేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. డైటింగ్ పేరుతో కడుపు మాడ్చుకోవాల్సిన పని లేదు. ఏ పూట ఏం తినాలో రైలెక్కకముందే అనుకుంటే చాలావరకు సరిపోతుంది.

ముందు పూటలు లెక్కపెట్టండి

హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌నే తీసుకోండి. పొద్దున్నే బయల్దేరి మర్నాడు ఉదయానికి ఢిల్లీ చేరుతుంది. సుమారు 25 గంటల ప్రయాణం. ఇందులో నిజంగా కావాల్సింది ఒక టిఫిన్, ఒక మధ్యాహ్న భోజనం, ఒక రాత్రి భోజనం, సాయంత్రం కాస్త చిరుతిండి. అంతే. ఒంటికి పెద్దగా పని ఉండదు కాబట్టి మామూలు రోజు కంటే కొంచెం తక్కువే సరిపోతుంది.

నాగ్‌పూర్ దాటేలోపు మధ్యాహ్న భోజనం, భోపాల్ దగ్గర రాత్రి భోజనం అని ముందే అనుకుంటే మధ్యలో చేయి ఆపుకోవడం తేలిక. మధ్యలో ఏదైనా తినాలనిపిస్తే ముందు ఓ గ్లాసు నీళ్లు తాగి, బోగీలో అటూ ఇటూ నాలుగు అడుగులు వేయండి. చాలాసార్లు అది ఆకలి కాదు, తోచకపోవడమే.

చాయ్‌తోనే అసలు చిక్కు

కప్పు చిన్నదే కదా అని చాయ్‌ని ఎవరూ లెక్కలో వేయరు. ఒక చెంచా పంచదార అంటే దాదాపు 5 గ్రాములు, 20 క్యాలరీలు. కప్పుకు రెండు చెంచాల చొప్పున ఆరు కప్పులు తాగితే 60 గ్రాముల పంచదార ఒంట్లోకి వెళ్లినట్టే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు రోజుకు 20 నుంచి 25 గ్రాములు మించొద్దంటున్నాయి.

కూల్‌డ్రింక్ సంగతి మరీ దారుణం. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలోనే 30 గ్రాములకు పైగా పంచదార ఉంటుంది. చాయ్ రెండు కప్పులకు ఆపేయండి. వీలైతే పంచదార లేకుండా అడగండి. కూల్‌డ్రింక్ బదులు మజ్జిగ ప్యాకెట్ మేలు.

ఏం కట్టుకెళ్లాలి? ఏది ముందు తినాలి?

వండిన పదార్థాలను బయట 2 గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పగలూ రాత్రీ సాగే ప్రయాణంలో అన్నిటికీ ఇది కుదరదు. అందుకే తడి పదార్థాలు తక్కువగా, పొడి పదార్థాలు ఎక్కువగా సర్దుకోవాలి.

- మొదటి పూట: ఇడ్లీ, కారప్పొడి. కొబ్బరి చట్నీ త్వరగా పాడవుతుంది, అది వద్దు. పెరుగన్నం తెచ్చుకుంటే రైలెక్కిన వెంటనే తినేయాలి.
- మధ్యాహ్నం: పులిహోర లేదా చపాతీ, వేపుడు కూర. చింతపండు పులుపు వల్ల పులిహోర మిగతా అన్నాల కంటే కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. అయినా రాత్రికి దాచొద్దు. అన్నాన్ని వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగించకుండా, వెడల్పు పళ్లెంలో ఆరనిచ్చి సర్దాలి.
- సాయంత్రం: వేయించిన శనగలు, పల్లీలు, జామకాయ, అరటిపండు, కీరదోస. పండ్లు ఇంట్లోనే కడిగి తెచ్చుకోండి. కోయడం మాత్రం తినేటప్పుడే.

50 గ్రాముల చిప్స్ ప్యాకెట్‌లో సుమారు 270 క్యాలరీలు ఉంటాయి. దానికి తోడు ఉప్పు, నూనె. అవే 50 గ్రాముల వేయించిన శనగల్లో 185 క్యాలరీల దాకా ఉన్నా, దాదాపు 10 గ్రాముల ప్రొటీన్ కూడా దొరుకుతుంది. కడుపు నిండినట్టు ఉంటుంది కాబట్టి మళ్లీ వెంటనే తినాలనిపించదు.

రైల్లో కొనాల్సి వస్తే..

రాత్రి భోజనం ఇంటి నుంచి తెచ్చుకోవడం కంటే వేడిగా తెప్పించుకోవడమే మంచిది. ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్‌లో పీఎన్ఆర్ నంబర్ ఇచ్చి ముందుగా ఆర్డర్ పెడితే, ఆ సదుపాయం ఉన్న స్టేషన్‌లో సీటు దగ్గరికే తెచ్చిస్తారు. ఫుడ్ ఆన్ ట్రాక్ యాప్‌లో గానీ, 1323కి ఫోన్ చేసి గానీ ఆర్డర్ చేయొచ్చు. షుగర్ ఉన్నవారికి తగిన ఆహారం, చిరుధాన్యాల వంటకాలు మెనూలో చేర్చుకునే వెసులుబాటును రైల్వే బోర్డు 2022లోనే ఐఆర్‌సీటీసీకి ఇచ్చింది. అన్ని రైళ్లలో దొరక్కపోవచ్చు, అడిగి చూడటంలో తప్పులేదు.

మెనూలో రొట్టె, పప్పు, కూర, పెరుగు ఉంటే వాటికే ఓటు. ఫ్రైడ్ రైస్, పూరీ, బిర్యానీ తింటే రాత్రంతా బెర్తు మీద కడుపు బరువుగానే ఉంటుంది. నైట్ బస్సులో వెళ్లేవాళ్లు ఎక్కకముందే ఇంట్లో తినేయాలి. అర్ధరాత్రి ధాబా దగ్గర బస్సు ఆగిందని రెండో భోజనం చేయాల్సిన పని లేదు.

బాత్రూమ్ భయంతో నీళ్లు మానేయొద్దు

టాయిలెట్ బాగుండదని చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, నీళ్లు తాగడమే మానేస్తారు. దీనివల్ల తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట లాంటివి వస్తాయి. దాహాన్ని ఆకలి అనుకుని తినేయడం కూడా జరుగుతుంది. ఒకేసారి సీసా ఖాళీ చేయకుండా గంటగంటకూ కొద్దికొద్దిగా తాగండి. సీల్ సరిగా ఉందో లేదో చూసి మరీ సీసా కొనండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతనే పాటించాలి.

4 గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. గంటకోసారి లేచి నడవాలి. బస్సులో కుదరకపోతే కూర్చున్నచోటే పాదాలను పైకీ కిందకీ ఆడించాలి.

షుగర్ ఉన్నవాళ్లు ఇవి మర్చిపోవద్దు

ట్యాబ్లెట్లు, ఇన్సులిన్ సీటు కింద పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి. రైలు లేటయినా సరిపోయేలా రెండు రోజుల మందు అదనంగా పెట్టుకోవాలి. ఇన్సులిన్‌ను ఎండ తగిలే కిటికీ పక్కన ఉంచొద్దు. భోజనం వస్తుందో రాదో తెలియకుండా ముందే ఇన్సులిన్ వేసుకోవడం ప్రమాదం. పళ్లెం చేతికొచ్చాకే వేసుకోవాలి.

చెమటలు, వణుకు, కళ్లు తిరగడం లాంటివి ఉంటే షుగర్ పడిపోయి ఉండొచ్చు. వెంటనే మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. తగ్గకపోతే ఇంకోసారి తీసుకుని, రైలు సిబ్బందికి చెప్పాలి. అప్పుడు మాత్రం డైటింగ్ అని ఆలోచించొద్దు. పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు ఈ సంగతి పక్క సీటు వాళ్లకు చెప్పడం మంచిది.

దిగాక తూకం చూసి కంగారు పడొద్దు

ప్రయాణం మర్నాడు తూకం కిలో ఎక్కువ చూపించడం మామూలే. ఒక కిలో కొవ్వు పెరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు అదనంగా తినాలి. ఒక్క రోజులో అది జరిగే పని కాదు. ఉప్పు ఎక్కువ తినడం వల్ల ఒంట్లో నిలిచిన నీరు, సరిగా కాని విరేచనమే ఆ బరువుకు ఎక్కువగా కారణం. ఉపవాసాలు చేయకుండా మామూలు ఇంటి భోజనం, ఆకుకూరలు, ఓ అరగంట నడక మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. తూకం వారం తర్వాత చూసుకోండి.

అయితే ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా, ఆయాసం వస్తున్నా అది ప్రయాణ బడలిక అనుకోవద్దు. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.