ఎరగా నిలిచిన నీరు: అనంతపురం మెట్టనేలలో జింకవేట, తెలుగు సాహిత్య సాక్ష్యం

మాగిన పండ్లు రాలే చెట్టుకింద మాటు వేసి, వాటికోసం వచ్చే జింకను కొట్టడం దట్టమైన అడవులున్న ప్రాంతాల వేట పద్ధతి. మర్రి, మేడి, నేరేడు, ఇప్ప విరివిగా ఉన్నచోట అది సాధ్యం. కొండముచ్చులు కొమ్మలమీద సగం తిని విడిచిన పండ్లకోసం దుప్పులు చెట్టుకిందికి చేరడం అడవి తెలిసినవారందరూ ఎరిగినదే. అక్కడ వేటగాడు కొత్తగా కల్పించవలసింది తక్కువ, కాచుకొని ఉంటే చాలు. అయితే ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన పడే అనంతపురం పీఠభూమికి ఈ పద్ధతిని అన్వయించవచ్చునా? నల్లమల చెంచుల జీవనాన్నీ మెట్టపొలాల బోయల జీవనాన్నీ ‘రాయలసీమ వేట’ అనే ఒక్క పేరుకింద కలిపివేస్తే ఈ ప్రశ్నే తలెత్తదు. ఆ చెంచుల విషయంలోనైనా, వారి ఆహారంలో వేటమాంసం కంటె సేకరించిన దుంపలు, పండ్లదే పెద్ద వాటా అని ఫ్యూరర్ హైమండార్ఫ్ 1943లో వెలువరించిన గ్రంథం తెలుపుతుంది. పండు అక్కడ జింకకు ఎర కావడానికి ముందు మనిషికే ఆహారం.

జంతువుల పేర్లలోనే కొంత సమాధానం ఉంది. నేటి వాడుకలో ‘జింక’ అన్న మాట అన్నిటినీ కప్పివేస్తున్నది గాని, పాత తెలుగు వీటిని వేరుగానే గుర్తించింది. దుప్పి, కణుజు చెట్ల నీడనూ పొదల చాటునూ ఆశ్రయించేవి. ఇఱ్ఱి, లేడి బయలులో మందగా మేసేవి. అనంతపురం నేల ప్రధానంగా రెండవ కోవకు చెందినది. కృష్ణజింకకు గడ్డి ముఖ్యాహారం. రాలిన కాయ దొరికితే తింటుంది, కాని దానికోసమే ఒక చెట్టును వెదుక్కుంటూ రాదు. పైగా బయలులో దూరపు కదలికను ముందే పసిగట్టి పరుగు తీసే జంతువును దగ్గరకు రప్పించాలంటే పండు వాసన చాలదు.

అందువల్లనే కాబోలు, తెలుగు వేట పరిభాషలో ‘దీమము’ అన్న మాట నిలిచింది. తోటి జంతువులను ఆకర్షించడానికి వేటగాడు పెంచి ముందు నిలిపే మృగం గాని పక్షి గాని దీమం. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ మృగయావినోదాన్ని వివరించే సందర్భంలో ఈ పద్ధతి కనిపిస్తుంది. 16వ శతాబ్దాంతపు ‘అయినీ అక్బరీ’లో అబుల్ ఫజల్ మరొక రూపాన్ని నమోదు చేశాడు: మచ్చికైన మగజింక కొమ్ములకు వల కట్టి విడిచిపెడితే, దానితో పోట్లాడవచ్చిన అడవిజింక కొమ్ములు ఆ వలలో చిక్కుకుంటాయి. ఇక్కడ ఎర ఆకలి కాదు, పౌరుషం.

ప్రబంధాలు ఈ విషయంలో అంతగా తోడ్పడవు. దండి చెప్పిన మహాకావ్య వర్ణనల్లో మృగయ లేదు; 14వ శతాబ్దపు విశ్వనాథుని పట్టికలో ఉంది. పెద్దన స్వరోచి వేట గాని, ధూర్జటి తిన్నని వేట గాని ప్రధానంగా తరుమువేటలు. కుక్కలు, వలలు, కేకలు, పరుగులు వాటికి ప్రాణం. లేపాక్షి వీరభద్రాలయపు చిత్రాల్లో కిరాతార్జునుల వేట సైతం ఎదురుపడి వరాహాన్ని కొట్టేదే. పొంచి ఉండి కొట్టడంలో వీరానికి చోటు తక్కువ. కనుక దానిని వెదకవలసింది కావ్యంలో కాదు, వ్రతకథలో.

శివరాత్రి కథను ఈ దృష్టితో చదివితే అది వేట పద్ధతికి సాక్ష్యపత్రంలా ఉంటుంది. శివపురాణంలోని గురుద్రుహుడు ఆకలిగొన్న కుటుంబంకోసం అడవికి వెళ్తాడు. పగలంతా ఏమీ దొరకదు. చీకటి పడ్డాక ఒక నీటిపట్టు చేరి, గట్టున ఉన్న మారేడు చెట్టెక్కి కూర్చుంటాడు. తెల్లవారేలోగా దాహంతో వచ్చే జింకలు ఒకదాని తరువాత ఒకటి అతని గురికి చిక్కుతాయి. బిడ్డలను అప్పగించి వస్తామని వేడుకొంటాయి. మాట ప్రకారం తిరిగివస్తాయి. చెట్టు కదలి ఆకులు కిందనున్న లింగంపై పడటం భక్తికథ. కాని పండ్లు కాచే మారేడు ఇందులో ఎర కాదు, మంచె మాత్రమే. మృగాన్ని రప్పించేది నీరు. దశరథుడు కుండ మునిగే చప్పుడును ఏనుగు నీరు తాగడమనుకొని బాణం వేసిన కథకూ ఇదే నేపథ్యం. నీటివద్ద పొంచిన వేటగాడు ఎవరిని కొడుతున్నాడో తనకే తెలియదన్న భయం ఆ కథలో ఉంది.

అనంతపురంలో పండుకూ దాహానికీ కాలం కుదరదు. రేగు పండేది చలికాలంలో. కుంటలు ఎండేది వేసవిలో. నీటిపట్లు ఒకటి రెండుకు తగ్గిన రోజుల్లో జింక వచ్చే దారి ముందే తెలుస్తుంది, పండు పోయవలసిన అవసరమే ఉండదు.

నేడు ఈ నేలమీద జింకలు విరివిగా తినే కాయ సర్కారు తుమ్మది. అది ఇక్కడి చెట్టు కాదు. 1870వ దశకం చివర అమెరికా ఖండపు విత్తనాలను తెచ్చి కడప జిల్లా కమలాపురంలో నాటారు. తీయని దాని కాయలను మేసిన జింకలు విత్తనాలను పేడతోపాటు దూరదూరాలకు చేర్చి, తాము మేసే గడ్డిబయళ్లనే ముళ్లపొదలకు అప్పగిస్తున్నాయి.

ఇక మిగిలిన ఎర పైరు. ఉరవకొండ, గుంతకల్లు వైపు పొలాల్లో మొలకెత్తిన పంటను జింకల మందలు మేసిపోవడం రైతులకు ఏటేటి బాధ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిర్వచించేటప్పుడు చంపడం, ఉచ్చు పన్నడంతోపాటు ఎర పెట్టడాన్నీ, అందుకు చేసే ప్రయత్నాన్నీ చేర్చింది. కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో ఉంది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కూడా. రైతు వేరుశనగ విత్తింది ఎరగా కాదు. అయినా ఆ పొలానికి జింక రావడం ఎరకు వచ్చినట్లే ఉంటుంది. వేటగాడు పొంచి కూర్చున్న మంచె వంటి మంచెమీదే రైతు రాత్రంతా మేలుకొని డబ్బా వాయిస్తాడు, వచ్చిన మృగం వెళ్లిపోవాలని.